మేక ముట్టని జమ్మి

మా ఆస్తి ఎంతని ఎవరైనా అడిగితే మా అమ్మ, బతికున్నన్నాళ్లూ, "ఒక చెట్టు, ముప్పై నోళ్లు" అని నవ్వేది. నోళ్లంటే మేకలు. చెట్టంటే మా చెల్క గట్టు మీది జమ్మి. చెల్కలో కంది పండితే పండినట్టు, లేకుంటే లేదు. మర్రిగూడ చుట్టుపక్కల వానను నమ్ముకున్న భూములన్నిటిదీ అదే కథ. చెట్టు మాత్రం మమ్మల్ని ఏ ఏడూ మోసం చేయలేదు. ఎండాకాలంలో గుట్టంతా మాడిపోయి, మేకలు ఒట్టి నేలను మూతితో తడుముకునే రోజుల్లో అది కొత్త ఆకు వేసేది. ఎంత లోతు నుంచి నీళ్లు తెచ్చుకునేదో దానికే తెలియాలి. ఆ నేలలోని ఫ్లోరైడు నీళ్లే తాగిన మా బాపుకు నలభై దాటగానే మోకాళ్లు బిగుసుకుపోయాయి. కూలికి పోదామంటే వంగలేడు, బరువెత్తలేడు. కట్టె పట్టుకుని మేకల వెంట నడవడం ఒక్కటే ఆయనకు చేతనయ్యే పని.

మేకల మేతకు మండ కొట్టడానికి బాపు దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఒక ఏడు తూర్పు దిక్కు కొమ్మలు, మరుసటి ఏడు పడమటి దిక్కు. తల జోలికి అసలు పోయేవాడు కాదు. పొడుగాటి కట్టెకు కొంకి కట్టి, ముందు చెట్టు మొదలు ముట్టి కళ్లకద్దుకుని, అప్పుడు లాగేవాడు. దసరాకు మా ఊరే కాదు, చుట్టుపక్కల ఊళ్లు కూడా జమ్మి కోసం ఆ చెట్టు దగ్గరికే వచ్చేవి. బాపు పొద్దున్నుంచీ దాని కింద కాపలా నిలబడి, "ఆకు తెంపుండ్రి, కొమ్మ ఇరువకుండ్రి" అని గొంతు పోయేదాకా అరిచేవాడు. పండగపూట కొత్త అంగీ వేసుకుని ఊరందరితో తగవు పెట్టుకునే మనిషి మా ఊళ్లో ఆయనొక్కడే. నాకున్న ఈ కోపపు బుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

తెలంగాణ వచ్చింది, జమ్మి రాష్ట్ర వృక్షమైంది. అప్పటికే మా చెట్టు మొదట్లో తొర్ర పడింది. చెదలు తిన్న జాగాలో నా చెయ్యి మోచేతి దాకా పోయేది. మేకలు మేసే గుట్ట చుట్టూ ఒక్కొక్కరే కంచెలు వేసుకుంటుంటే, బాపు పద్ధతి కూడా తప్పింది. ఒకే ఏడు రెండు దిక్కులూ కొట్టక తప్పలేదు. "చెట్టు పోతే మేకలు పోతయ్. మేకలు పోతే నేను ఎందుకు, ఎవలికి?" అనేవాడు. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండేది. ఆ మాట నిజం కావడం వల్లే మండేదని ఇప్పుడు అర్థమవుతోంది.

నేను హాస్టల్లో ఉండి ఇంటర్ దాకా చదివాను. వాగు అవతలి ఊరికి కోడలిగా వచ్చాను. పంచాయతీ నర్సరీ పెట్టినప్పుడు, చదువుకున్నదాన్నని దాన్ని చూసుకునే పని నాకిచ్చారు. నీడ కోసం కట్టిన పచ్చటి వల, వరసల్లో నల్ల సంచులు, నీళ్ల పైపు, ఒక రిజిస్టరు. జీవితంలో మొదటిసారి నా మాట వినేవి కొన్ని దొరికాయనిపించింది. మొక్కలు ఎదురు మాట్లాడవు కదా.

నర్సరీ చూడడానికి పై ఆఫీసు నుంచి వచ్చే సారు చిన్నవయసువాడు, మంచివాడు. ఊరికి ఒక్క జమ్మి అయినా ఉండాలని ఆయన పట్టుదల. "అమ్మా, విత్తనమే దొరకడం లేదు" అన్నాడు. మా బాపుకు చెట్టుందని నేను గొప్పగా చెప్పాను. ఆ చెట్టు పిల్లలు నాలుగూళ్లలో నిలబడితే దసరా జనం అక్కడికే పోతారు, ముసలి చెట్టు కొమ్మలు మేకలకు మిగులుతాయి. నాలుగు పిల్లలు మా చెల్క గట్టు మీదే పెడితే, తొర్ర చెట్టు కూలినా తర్వాతివాళ్లకు మండ దొరుకుతుంది. ఇదీ నేను అనుకున్నది. ఇప్పటికీ ఇందులో తప్పేమీ కనబడదు నాకు.

చిక్కల్లా కాయ దగ్గర వచ్చింది. ఏటా మండ కొట్టే జమ్మి కాయదు. తలలో ఉన్న రెండు రెమ్మలకు కాసిన కాయలు కిందపడగానే మేకలు మింగేవి. ఒక్క ఏడు కొట్టకుండా వదిలేయించమన్నాడు సారు. ఆ మాట మోసుకుని పుట్టింటికి పోయాను.

"ఒక్క ఏడు ఇడువు బాపు. ఒక్క ఏడే."

"ఇడుస్త. గా ఏడంత మేకలకు నీ సారు పెడుతడా మ్యాత?"

"అన్నీ నీ మేకలేనా? చెట్టు బతకొద్దా?"

"చెట్టును నేను సంపుతున్ననా?" అని కొంకి కట్టె గోడకు గిరాటేశాడు. నేనూ తక్కువ తినలేదు. ముసలితనం వచ్చినా బుద్ధి రాలేదన్నాను. కన్నతండ్రిని పట్టుకుని అనగూడని మాట అది.

పొద్దుగూకేముందు నేను బయల్దేరుతుంటే బాపు దొడ్లో నుంచి ఒక సంచీ ఈడ్చుకొచ్చాడు. నిండా మేక పెంటికలు. "పోయినెండకాలం చెట్టు కింద మంద పెట్టినప్పటియి. మేక కడుపుల పడ్డ విత్తు జల్ది మొలుస్తది. ఏరుకో" అన్నాడు, నా మొహం చూడకుండా. మా ఇళ్లల్లో అదే రాజీ. నిజానికి అది తాతల నాటి తెలివి కూడా. గట్టు మీద మొలిచే జమ్మి మొలకలన్నీ అలా పుట్టినవే. నానబెట్టి, నలిపి, జల్లెడ పట్టి, గింజలు ఏరి సంచుల్లో పెట్టాను. పదిహేను రోజులకు పచ్చటి మొలకలు తలలెత్తాయి. అంత సంతోషం నాకు నా పెళ్లిలో కూడా లేదు.

నెలలు గడిచేకొద్దీ మొక్కల్లో రెండు రకాలు తేలాయి. కొన్ని చకచకా పెరిగాయి. కొన్ని జానెడు లేచి, అక్కడే మొండికేసి కూర్చున్నాయి. సారు దగ్గర రంగు గీత వేసిన వెదురు కర్ర ఉండేది. ఆ గీత దాటిన మొక్కనే ఊళ్లకు తీసుకుపోతారు, దాటనిది లెక్కలోకి రాదు. ఎండలు ముదిరే సమయానికి నాకు వేరే మొక్కలకు సంచులు కావాల్సి వచ్చాయి. కూర్చున్నవాటిని ఒక్కొక్కటే పీకేశాను. పీకుతుంటే వేరు రాదు! జానెడు మొక్కకు మూరెడు వేరు, సంచీ అడుగు చీల్చుకుని నేలలోకి దిగి ఉంది. అందుకు కూడా విసుక్కున్నాను. "పైకి పెరగమంటే కిందికి పోతయ్, బద్దకపు ముండలు" అని తిట్టాను. ఆ తిట్టు నాకు ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది.

పీకినవన్నీ గంపకెత్తి ఇంటికి తెచ్చి, మా అత్త సాకుతున్న రెండు పాడి మేకల ముందు పోశాను. కాడ కూడా మిగల్చకుండా తిన్నాయి. అత్త సంబరపడింది. "ఏం మొక్కలే గివి? పంచదార లెక్క తింటున్నయ్. రోజూ తేరాదూ!" అంది. మూడు రోజులు తెచ్చాను.

అదే నెలలో ఒక మధ్యాహ్నం ఆ రెండు మేకలే కంచె సందులోంచి నర్సరీలో దూరాయి. నేను అన్నం ముద్ద వదిలేసి కట్టె పట్టుకుని ఉరికాను. మునగ మొక్కలు కొరికేశాయి, జామ మొక్కల తలలు తినేశాయి. జమ్మి వరసల మధ్య నుంచి నడిచిపోయాయి కానీ ఒక్క ఆకు ముట్టలేదు. నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది: మురిసిపోయాను. సారు రాగానే ఎదురుపోయి, "సార్, మన జమ్మికి కంచె గూడ అక్కర్లేదు. మేకలు సుత ముట్టవు" అన్నాను. ఆయన సంతోషపడి రాసుకున్నాడు. మేకలు ముట్టని జమ్మి! మేకల దొడ్లో పుట్టి పెరిగినదాన్ని, ఆ మాట నా నోటితో నేనే అన్నాను. నాలుగు గోడల హాస్టల్లో చదివిన చదువు కళ్లకు అడ్డం పడిందో, గీత దాటిన మొక్కల మీది ఆశ అడ్డం పడిందో చెప్పలేను.

వానలు పడగానే మొక్కలు ఊళ్లకు పోయాయి. మా అత్తగారి ఊళ్లో పంచాయతీ ముందు ఒకటి నాటి, చుట్టూ చిన్న గద్దె కట్టి, 'జమ్మి చెట్టు' అని పచ్చ రంగు బోర్డు పెట్టారు. ఈసారి దసరా పూజ దాని దగ్గరే, వాగు దాటి పోయి ముసలి చెట్టు కొమ్మలు విరవొద్దని సర్పంచి చాటింపు వేయించాడు. నేను పుట్టింటికి పోయి బాపును పిలిచాను. తగవు తర్వాత అదే మొదటిసారి పోవడం. "నీ చెట్టు పిల్లకు పూజ. నువ్వు రాకుంటే ఎట్ల?" అన్నాను. మోకాళ్ల నొప్పితో ఎక్కడికీ రాని మనిషి, కొత్త అంగీ తొడుక్కుని ఆటో ఎక్కి వచ్చాడు.

గద్దె దగ్గర జనం మూగి ఉన్నారు. మొక్క అప్పటికే నా నడుము దాటింది. సర్పంచి బాపు చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకుపోయాడు. "బావా, నీ చెట్టు బిడ్డ. మొదటి ఆకు నువ్వే తెంపాలె" అన్నాడు. బాపు వంగలేక వంగి మొక్కను చూశాడు. ఆకును వేళ్ల మధ్య పెట్టి రుద్దాడు. కాండం మీద జంటలుగా మొలిచిన ముళ్లను బొటనవేలితో తడిమాడు. తర్వాత తలెత్తి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

జనం ముందే ఏదో అంటాడనుకున్నాను. ఏటా కొమ్మ విరిచినవాళ్లందరినీ కడిగేసే నోరు అది. కానీ ఆకు తెంపి, కళ్లకద్దుకుని, సర్పంచి చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ అంటూ కౌగిలించుకున్నాడు. జనం ఎగబడి ఆకులు తెంపారు. బంగారం అని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకున్నారు, పెద్దవాళ్ల కాళ్లు మొక్కారు. నేనూ పద్ధతి ప్రకారం బాపు చేతిలో ఆకు పెట్టి కాళ్లకు మొక్కాను. "సల్లగుండు బిడ్డా" అని దాన్ని తలపాగలో పెట్టుకున్నాడు.

ఇంటికి నడుస్తున్నప్పుడు అడిగాను. "ఏమైంది బాపు?"

"ఏం గాలె."

"చెప్పరాదూ!"

ఆగి, కట్టె మీద ఆనుకుని, తలపాగలోంచి ఆకు తీశాడు. "ఇది జమ్మి గాదు బిడ్డా. సర్కారు తుమ్మ."

నేను ఒప్పుకోలేదు. నువ్విచ్చిన విత్తే కదా అన్నాను. నీ చూపు మందగించిందన్నాను. సారు చూశాడు, బోర్డు పెట్టారు, ఇంతమంది పూజ చేశారు, అందరికీ కళ్లు లేవా అన్నాను. ఆయన వాదించలేదు. మా ఇంటి ముందు కట్టేసి ఉన్న మేక దగ్గరికి పోయి ఆకు దాని మూతి ముందు పెట్టాడు. అది వాసన చూసి మొహం తిప్పుకుంది. మళ్లీ పెట్టాడు. మళ్లీ తిప్పుకుంది.

"తప్పు నాది సుత ఉన్నది" అన్నాడు. "ఎండకాలం మేకలు సర్కారు తుమ్మ కాయలు గూడ తింటయ్. ఆకు తినవు, కాయ తింటయ్. పెంటికెల రెండు విత్తులు కలిసొచ్చుంటయ్. జమ్మి పైకి జల్ది రాదు. ముందు కిందికి పోతది. సర్కారు తుమ్మ జల్ది లేస్తది. చిన్నయి గిట్ల ఏమన్న ఉండెనా నీ కాడ?"

అత్త పాడి మేకలు మూడు రోజులు పంచదారలా తిన్నవేమిటో అప్పుడు తెలిసింది నాకు. గంపలకు గంపలు నేనే మోసుకొచ్చి పోశాను. ఆ సంగతి బాపుకు చెప్పలేదు. "లేవు" అన్నాను.

"మేక ముట్టనిదాన్ని నెత్తిన పెట్టుకున్న ఇయ్యాల" అని ఆకును కింద వేసి, ఆటో కోసం నడిచాడు. పండగపూట మా ఇంట్లో అన్నం తినకుండానే పోయాడు.

ఆ రోజే పంచాయతీకి పోయి చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. చెబితే పని పోతుందని భయం, పరువు పోతుందని అంతకన్నా పెద్ద భయం. సర్కారు తుమ్మ మాత్రం గుట్టు దాచే చెట్టు కాదు. మరుసటి ఎండాకాలానికల్లా ముళ్లతో గద్దె నిండా కమ్ముకుని, గొర్రెల కాపర్లకే కాదు, బడి పిల్లలకు కూడా తెలిసిపోయింది. నాకు 'సర్కారు జమ్మి' అని పేరు పెట్టారు. "సర్కారు జమ్మి పోతాంది చూడుర్రి" అని బోరింగు దగ్గర ఆడవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వనీ, అందులో అబద్ధం లేదు. విచిత్రమేమిటంటే నా మీద ఎవరూ చర్య తీసుకోలేదు. నాటినవాటిలో బతికినవెన్ని అని పై నుంచి అడిగారు. అన్నీ బతికాయి. అవి చావవు. మా నర్సరీ మంచి నర్సరీ అని మెచ్చుకున్నారు. సారు ఒక్కడే నా మొహంలోకి చూడలేక రిజిస్టరులోకి చూస్తూ సంతకం పెట్టాడు. కొన్నాళ్లకు ఆయనకు బదిలీ అయింది. బోర్డు మాత్రం చాలా రోజులు అలాగే ఉంది.

దసరా ఆ తర్వాత మళ్లీ ముసలి చెట్టు మీదికే వచ్చింది. బాపు కింద నిలబడి అరిచాడు. గొంతు సగమైంది. జనం కొమ్మలు విరిచారు.

ఆ చలికాలంలో బాపు నాకు కబురు చేయకుండా ఒక పని చేశాడు. ఆ ఏడు మండ కొట్టనని కొంకి కట్టె విప్పి చూరులో దోపేశాడు. ఎండలు రాగానే మేకలకు పెట్టడానికి ఏమీ లేక, మూడు వారపు అంగళ్లకు మూడు విడతలుగా తోలుకుపోయి అమ్మేశాడు. ముందు పోతులను, తర్వాత పిల్లలను, ఆఖరికి తల్లులను. ఒక్కటన్నా ఉంచుకోరాదా అని నేను తర్వాత ఏడ్చాను. "ఒక్కదాన్ని ఉంచితే గది ఆకలికి ఒర్లుతది బిడ్డా. దానికోసం మళ్లొక కొమ్మ లాగుత. నా సంగతి నాకు ఎరుక" అన్నాడు. నేను ఒకప్పుడు ఒక్క ఏడు ఆగమని తిట్టి అడిగినది, నేను అడగడం మానేశాక, ఆయన ముప్పై నోళ్లూ పెట్టి చేశాడు. నా తప్పు దిద్దడానికే చేశాడని నాకు తెలుసు. ఆయనెప్పుడూ ఆ మాట అనలేదు. ఇప్పుడు ఆయన ఊరి బయట ఒక కోళ్ల షెడ్డు దగ్గర కాపలా ఉంటున్నాడు. మేకలతో మాట్లాడినట్టు కోళ్లతో మాట్లాడడు.

ఆ ఎండాకాలం చెట్టు కాసింది. నా ఎరుకలో మొదటిసారి దాని నిండా కాయలు చూశాను, సన్నగా, పసుపుపచ్చగా వేలాడుతూ. ఒక్కొక్కటే నా చేత్తో తెంపాను. సగానికి పైగా గింజలకు పురుగు పట్టి ఉంది. మంచివి ఏరి సంచుల్లో పెట్టాను. మొలిచాయి. జానెడు లేచాయి, కూర్చున్నాయి. ఈసారి ఒక్కటి కూడా పీకలేదు. కొత్తగా వచ్చిన సారు కూడా ఒక గీత కర్ర తెచ్చాడు. జమ్మి ముందు కిందికి పోతుందని, పైకి రావడానికి ఏళ్లు పడుతుందని చెప్పాను. "మాకు పైన ఉన్నదే కనబడుతుందమ్మా" అన్నాడు, ఆయన కూడా చెడ్డవాడు కాదు. గీత దాటలేదని ఒక్క ఊరికీ తీసుకోలేదు. సంచులు ఖాళీ చేయమన్నారు.

ఖాళీ చేయలేదు. ఆటోలో వేసుకుని బాపు దగ్గరికి తీసుకుపోయాను. మా చెల్క గట్టు మీద నాటుదామని. అవి మేకలకు మండ ఇచ్చే నాటికి బాపు ఉండడు. నేనుంటే ముసలిదాన్ని అయి ఉంటాను. అయినా తీసుకుపోయాను, ఇంకేం చేయాలో తెలియక.

సంచులన్నీ వాకిట్లో దించాను. నాకు నా కళ్ల మీద నమ్మకం పోయింది. చేత్తో తెంపిన కాయల విత్తనమే అయినా, సంచుల్లో మట్టితో కలిపిన మేక ఎరువులోంచి ఏం మొలిచిందో ఎవరు చెప్పాలి? "బాపు, జర చూడవా" అన్నాను.

ఆయన మంచం మీద కూర్చుని ఒక్కొక్క సంచీ దగ్గరికి లాక్కున్నాడు. చూపు నిజంగానే తగ్గింది ఇప్పుడు. ఆకును కళ్లకు దగ్గర పెట్టుకున్నా పోల్చుకోలేకపోయాడు. అందుకని ఒక ఆకు తెంపి నోట్లో వేసుకున్నాడు. మెల్లగా నమిలాడు. తలూపి పక్కన పెట్టాడు. ఇంకొకటి నమిలాడు. రెండు మాత్రం తుపుక్కున ఉమ్మి, నెట్టేశాడు. అలా అన్నీ నమిలే దాకా నేను పక్కన నిలబడే ఉన్నాను.

"ఇటు పెట్టినయన్నీ జమ్మియే బిడ్డా" అన్నాడు చివరికి. "మేక తింటది."

అలవాటు కొద్దీ చేతిలో మిగిలిన ఆకును దొడ్డి వైపు చాపాడు. మేకలు ఉండే దొడ్లో ఇప్పుడు వంటచెరకు పేర్చి ఉంది. బాపు చెయ్యి కాసేపు అట్లాగే ఉంది, తర్వాత ఆ ఆకు కూడా తానే నోట్లో వేసుకున్నాడు.